చిన్న అప్పు

తెల్లవారుజామున తిరుపతి పట్టణమున మేల్కొనువారు కొండకు పోవు యాత్రికులు మాత్రమే కారు. పూలమ్ముకొనువారు, తులసిమాలలు కట్టువారు, ఆకుకూరల గంపలు దింపుకొనువారు, ఇడ్లీబండ్లు త్రోసికొని వచ్చువారు అంతకు మునుపే బజారు చేరియుందురు. అట్టివారిలో ననేకులకు ఆనాటి సరకు కొనుటకు చేత సొమ్ముండదు. నిన్నటి లాభము నిన్ననే బియ్యమునకు, బిడ్డ మందులకు, ఇంటి అద్దెకు వ్యయమైపోయినది. సరకు లేక అమ్మకము లేదు. అమ్మకము లేక సొమ్ము లేదు. ఈ ముడి విప్పుటకు వారు అప్పు చేయుదురు. ఆ అప్పు ఎట్టిదో కొంచెము లెక్క వేసి చూతము.

ఒక స్త్రీ ఉదయమున 1,000 రూపాయలు అప్పు పుచ్చుకొనెననుకొనుడు. ఇచ్చువాడు ముందుగానే వడ్డి పట్టుకొని 900 రూపాయలే ఆమె చేతిలో పెట్టును. సాయంకాలము ఆమె 1,000 రూపాయలును చెల్లించవలెను. మరునాడుదయము మరల అదే కథ. సంవత్సరమున 300 దినములు ఆమె వ్యాపారము సాగించినచో, వడ్డి క్రింద చెల్లించిన సొమ్ము 30,000 రూపాయలగును. ఆమె చేతిలో ఏనాడును 900 రూపాయలకు మించి అప్పుసొమ్ము నిలిచియుండలేదు సుమా!

మన పల్లెలలో వడ్డిని నూటికి నెలకు ఇంత అని చెప్పుకొందురు. “రెండు రూపాయల వడ్డి” అనగా నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు, సంవత్సరమునకు నూటికి 24. “పావలా వడ్డి” అనగా నూటికి నెలకు పాతిక పైసలు, సంవత్సరమునకు నూటికి 3. పైన చెప్పిన 900 రూపాయలకు సంవత్సరమంతటికి రెండు రూపాయల వడ్డి చొప్పున 216 రూపాయలు, పావలా వడ్డి చొప్పున 27 రూపాయలు అగును. ఒకవైపు 27, మరియొకవైపు 30,000. ఇంత అంతరమున్నను ఆ స్త్రీ బ్యాంకునకు పోక దినవడ్డి వానియొద్దకే ఏల పోయినది?

ఆమె తెలివిలేనిది గనుక అని చెప్పుట తప్పు. ఆమెకు లెక్క మనకంటె బాగుగా తెలియును. బ్యాంకు పది గంటలకు తెరతురు; ఆమెకు సొమ్ము నాలుగు గంటలకే కావలెను. బ్యాంకువారు హామీ అడుగుదురు. ఆమెకు భూమి లేదు, బంగారము లేదు. 1,000 రూపాయల అప్పు వ్రాయుటకును లక్ష రూపాయల అప్పు వ్రాయుటకును బ్యాంకు గుమాస్తాకు పట్టు కాలము ఇంచుమించు ఒక్కటియే. అందుచే చిన్న అప్పు బ్యాంకునకు గిట్టదు. దినవడ్డి వ్యాపారి కాగితమడుగడు, కాళ్ళరిగించుకొనడు, అంగడి దగ్గరకే వచ్చి సొమ్మిచ్చును. అతడు చేయునది దోపిడియే యైనను, అతడు చేయుచున్న పనిని మరియొకరు చేయనంతకాలము అతనిని తిట్టి ప్రయోజనము లేదు. పేదవానికి చిన్న మొత్తమును, తగిన వేళకు, న్యాయమైన వడ్డికి, హామీ లేకుండ ఎవరిత్తురు? ఎట్లిత్తురు? ఈ ప్రశ్న చాల పాతది.

1892లో మదరాసు ప్రభుత్వమువారు ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని ఐరోపాఖండమునకు పంపిరి. రైతులకు అప్పులిచ్చు సంఘములు అచ్చట ఎట్లు నడచుచున్నవో చూచి రమ్మని ఆయనకు పని. జర్మనీలో రైఫైజన్ అను నాయన గ్రామస్థులనే ఒక సంఘముగా చేర్చి, ఒకరి అప్పునకు అందరును పూచీ పడునట్లు చేసియుండెను. భూమియో బంగారమో కాక ఇరుగుపొరుగువారి నమ్మకమే అచ్చట హామీ. 1895, 1897 సంవత్సరములలో నికల్సన్ సమర్పించిన నివేదికలు ఈ పద్ధతినే మన దేశమునకు సిఫారసు చేసినవి. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఆ సంవత్సరమే తిరువళ్ళూరు ప్రాంతమున తిరూరు అను గ్రామమున మదరాసు రాజధానిలోని తొలి సహకార సంఘము ఏర్పడెను. తిరుపతినుండి చెన్నపట్టణమునకు పోవు దారిలోనిదే ఆ తిరువళ్ళూరు. సహకార సంఘములు రైతులకు మేలు చేసినమాట నిజము. అయితే సెంటు భూమియు లేని కూలివారికి, ముఖ్యముగా స్త్రీలకు, వానిలో చోటు దొరకుట అరుదయ్యెను.

ఆ తరువాతి కథ బంగ్లాదేశమున జరిగినది. 1976లో చిట్టగాంగ్ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించుచుండిన ముహమ్మద్ యూనుస్ సమీపమున నున్న జోబ్రా గ్రామమునకు పోయి, వెదురుపీటలు అల్లు ఒక స్త్రీని చూచెను. వెదురు కొనుటకు ఆమె ఒక వ్యాపారియొద్ద ఐదు టాకాలు అప్పు తెచ్చుకొనును. అల్లిన పీటలను అతనికే, అతడు చెప్పిన వెలకే అమ్మవలెను. దినమంతయు పనిచేయగా ఆమెకు మిగులునది అర టాకా. ఆ గ్రామమున ఇట్లు చిక్కుకొనినవారెందరని విచారింపగా 42 మంది తేలిరి. వారందరికిని కలిపి కావలసిన సొమ్ము 856 టాకాలు, అనగా అప్పటి లెక్కలో 27 డాలర్ల లోపు. ఆయన ఆ సొమ్ము తానే ఇచ్చెను. ఆ చిన్న ప్రారంభమునుండి 1983లో గ్రామీణ బ్యాంకు పుట్టినది. 2006లో ఆయనకును ఆ బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానము లభించినది.

మన దేశమున ఈ ఆలోచన వేరొక రూపము దాల్చినది. బంగ్లాదేశమున బ్యాంకు ముందు, పొదుపు తరువాత. మనకు పొదుపే ముందు. కర్ణాటకమున పనిచేయుచుండిన మైరాడా అను సేవాసంస్థ పెద్ద సహకార సంఘములు కలహములచే చీలిపోవుచుండగా ఒక వింత గమనించెను. విడిపోయిన చిన్నచిన్న గుంపులవారు తమలో తాము పొదుపు చేసికొనుచు, అప్పులిచ్చి పుచ్చుకొనుచు చక్కగా సాగుచుండిరి. వారు ఒకరినొకరు ఎరిగినవారు. అదియే వారి బలము. 1987లో నాబార్డు ఆ సంస్థకు ఈ ప్రయోగము కొరకు 10 లక్షల రూపాయలిచ్చెను. మన కుప్పము ప్రాంతమునకును ఆ సంస్థ పని విస్తరించినది. 1992లో నాబార్డువారే ఇట్టి పొదుపు సంఘములను బ్యాంకులతో అనుసంధించు పథకమును, మొదట 500 సంఘములతో, ఆరంభించిరి.

అదే కాలమున పొరుగున నున్న నెల్లూరు జిల్లాలో మరియొక సంచలనము కలిగినది. దూబగుంట గ్రామమున రోశమ్మ మొదలగు స్త్రీలు సారా అంగడిని మూయించిరి. 1992లో ఆ ఉద్యమము జిల్లాలు దాటి చిత్తూరు సీమకును వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. సారాకు పోవుచుండిన సొమ్ము ఇంట మిగిలినది. దినమునకొక రూపాయి చొప్పున దానిని కూడబెట్టుటకు నెల్లూరు స్త్రీలు ఆరంభించిన కార్యక్రమమే “పొదుపులక్ష్మి”. 1982లోనే కేంద్రప్రభుత్వము గ్రామీణ స్త్రీలకొరకు డ్వాక్రా అను పథకము పెట్టియుండెను గాని, దానికి ప్రాణము పోసినది ఈ ఒక్క రూపాయి అని నా అభిప్రాయము. నేటికిని మన పల్లెలలో ఏ పొదుపు సంఘమునైనను “డ్వాక్రా గ్రూపు” అనియే పిలుతురు.

2000 సంవత్సరమున ప్రపంచబ్యాంకు సాయముతో “వెలుగు” అను పథకము వచ్చినది. దానికి తొలుత ఎన్నుకొనిన ఆరు జిల్లాలలో చిత్తూరు ఒకటి. 2022 ఏప్రిలులో విభజింపబడకముందు, తిరుపతి, శ్రీకాళహస్తి, మదనపల్లె, కుప్పము అన్నియు ఆ ఒక్క జిల్లాలోనివే అని జ్ఞాపకముంచుకొనుడు. సంఘములు కలసి గ్రామసమాఖ్య, గ్రామసమాఖ్యలు కలసి మండలసమాఖ్య, వానిపై జిల్లాసమాఖ్య ఏర్పడినవి. 2004లో పావలా వడ్డి పథకము వచ్చినది. సకాలమున వాయిదాలు చెల్లించిన సంఘములకు నూటికి మూడు రూపాయలను మించిన వడ్డిని ప్రభుత్వమే భరించెను. 2011లో ఈ సమాఖ్యలు భాగస్వాములుగా స్త్రీనిధి అను సహకార పరపతి సంస్థ వెలసినది. ఆపదలో నున్న సభ్యురాలికి రెండు దినములలో అప్పు అందించవలెనని దాని సంకల్పము.

సంఘము నడచు తీరు చూడదగినది. పది మంది మొదలు పదునైదు మంది వరకు స్త్రీలు, ఒకే వీథివారో ఒకే పల్లెవారో, నియమితమైన దినమున ఒకచోట కూర్చుందురు. ప్రతి సభ్యురాలును పొదుపు సొమ్ము చాపపై ఉంచును. పుస్తకము వ్రాయు ఆమె పేరు చదివి, మొత్తము వ్రాసి, పైకి చెప్పును. తరువాత అప్పు కోరినవారు తమ అవసరము చెప్పుకొందురు. “నీ బిడ్డకు బడి రుసుము గదా, ముందు నీవు పుచ్చుకొమ్ము; నాకు వచ్చే నెల చాలును” అని ఒకరు వెనుకకు తగ్గుటయు కలదు; “పోయిన వాయిదాయే కట్టలేదు, మరల ఏమని అడిగెదవు?” అని నిలదీయుటయు కలదు. క్రమము తప్పక సమావేశమగుట, క్రమము తప్పక పొదుపు చేయుట, ఆ సొమ్మును తమలో తాము అప్పుగా ఇచ్చికొనుట, వాయిదా తప్పక తీర్చుట, పుస్తకములు సరిగా వ్రాయుట: ఈ ఐదింటిని పంచసూత్రములందురు. ఇవి చక్కగా జరుగుచున్నవో లేదో చూచియే బ్యాంకువారు సంఘమునకు అప్పిత్తురు. బ్యాంకునకు హామీ ఆ పుస్తకమే.

ఇట్లు వచ్చిన అప్పుతో చిత్తూరు సీమ స్త్రీలు చేయు వ్యాపారములలో పాడి మొదటిది. సంకరజాతి ఆవును కొందురు. ఉదయము సాయంత్రము పాలకేంద్రమున పాలుపోయగా, వెన్నశాతము చూచి వెలకట్టి, సామాన్యముగా పదునైదు దినములకొకసారి సొమ్ము ముట్టచెప్పుదురు. నెలనెల వాయిదా కట్టుటకు ఇంతకంటె అనువైన వృత్తి మరియొకటి లేదు. ఆవు వట్టిపోయిన మాసములను లెక్కలోనికి తీసికొనవలెను. భీమా చేయకున్నచో ఆవు మరణించిననాడు అప్పు మాత్రము బ్రతికియుండును. పలమనేరు, కుప్పము ప్రాంతములలో మల్బరీ పెంచి పట్టుపురుగులను మేపువారికి దాదాపు నెల దినములకొక పంట చేతికి వచ్చును. వేరుశనగ మాటయో? అది వాననమ్మిన పైరు; ఏడాదికొకసారి వచ్చును, ఒక్కొక్క యేడు రానే రాదు. అట్టి రైతుకు వారము వారము కట్టవలసిన అప్పు ఇచ్చుట, చెరువు నిండకమునుపే తూము ఎత్తుటవంటిది. అప్పు ఎంత అన్నదానికంటె, దానిని తీర్చవలసిన గడువు వృత్తికి సరిపోవునా అన్నదే ముఖ్యమగు చోట్లు చాల ఉన్నవి.

శ్రీకాళహస్తి కలంకారీని చూచినచో ఈ సంగతి తేటపడును. నూలుబట్టను ముందుగా కరక్కాయ పొడియు గేదెపాలును కలిపిన నీటిలో ముంచి ఆరవేయుదురు. పాలలోని కొవ్వు వలన రంగు బట్టపై పాకదు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములతరబడి పులియబెట్టి నల్లరంగు తయారు చేయుదురు. దానిని కసిమి అందురు. వెదురుపుల్ల కొనకు ఉన్ని చుట్టి, దారముతో బిగించి, అదే కలముగా రేఖలు దిద్దుదురు. పటికనీరు పూసిన చోట్లనే ఎరుపు పట్టును. పలుమారులు పారునీటిలో ఉతుకవలెను. స్వర్ణముఖీనది ఎండినప్పుడెల్ల ఈ పనికి ఇక్కట్టే. తరువాత పసుపు, నీలి రంగులు. రామాయణ కథ యంతయు గల పెద్ద తెరకు వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు పట్టును. అంతవరకు బట్టకు, రంగులకు, ఇంటి గ్రాసమునకు సొమ్మెక్కడిది? కళాకారుడు వర్తకునియొద్ద బయానా పుచ్చుకొని, అతడు చెప్పిన వెలకే పని అప్పగించును. జోబ్రా గ్రామపు వెదురుపీటల కథయే ఇది. చేయి మాత్రము మహాశిల్పిది.

ఈ కళ క్షీణించుచుండగా కమలాదేవీ చట్టోపాధ్యాయ ప్రోత్సాహమున 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము నెలకొల్పిరి. అచ్చటి కళాకారులలో జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ పురస్కారము లభించినది. నేడు స్త్రీలనేకులు ఈ పనిలో నున్నారు. చీరలపైనను దుప్పట్టాలపైనను బొమ్మలు వేయుచున్నారు. శిక్షణ, సొమ్ము, అంగడి మూడును కావలెను. మూడింటిలో సొమ్మొక్కటే దొరకి, అమ్ముకొను చోటు లేనిచో, మడతపెట్టిన చీరలు ఇంటనుండును, వడ్డి పెరుగుచుండును.

చిన్న అప్పులు నిజముగా పేదరికమును పోగొట్టునా? 2005లో ఆరంభించి ఆర్థికశాస్త్రజ్ఞులు కొందరు హైదరాబాదు నగరమున దీనిని పరీక్షించిరి. వారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అనువారికి తరువాత 2019లో నోబెల్ బహుమానము వచ్చినది. 104 పేటలను ఎన్నుకొని, చీట్లు వేసినట్లు సగము పేటలలో ముందుగా అప్పుల సంస్థను తెరిపించి, తక్కిన సగముతో పోల్చిరి. అప్పటికే వ్యాపారమున్నవారు పెట్టుబడి పెంచుకొనిరి. కుట్టుయంత్రము వంటి వస్తువులు కొనినవారు కలరు. పొగాకు, బయటి తిండి మొదలగువానిపై వ్యయము కొంత తగ్గినది. కాని కుటుంబముల మొత్తము వ్యయమున, బిడ్డల చదువున, స్త్రీల అధికారమున చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. చిన్న అప్పు మంత్రదండము కాదని తేలినది. వ్యర్థమని మాత్రము తేలలేదు.

అదే హైదరాబాదు రాజధానిగా నున్న నాటి ఉమ్మడి రాష్ట్రమున ఈ విద్య వక్రించిన కథయు చెప్పవలెను. పేదలు నమ్మకముగా అప్పు తీర్తురని తెలియగానే, లాభమునకై అప్పులిచ్చు సంస్థలు పల్లెపల్లెకు వచ్చినవి. పొదుపు అడుగలేదు, పుస్తకము అడుగలేదు. ఒకే ఇల్లాలికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చినవి. ఒకదానిని తీర్చుటకు మరియొకటి పుచ్చుకొనుట పరిపాటి యయ్యెను. వడ్డి చెప్పు తీరులోనే ఒక మాయ ఉండెడిది. 10,000 రూపాయలు అప్పిచ్చి వారమునకు 225 రూపాయల చొప్పున 50 వారములు కట్టుమందురు. మొత్తము 11,250. వడ్డి 1,250, అనగా నూటికి పన్నెండున్నర అని తోచును. కాని మొదటి వారమునుండియే అసలు తగ్గుచున్నది గదా! ఆ 50 వారముల పొడవున సగటున ఆమె చేతిలో నున్న అప్పు 5,100 రూపాయలు మాత్రమే. ఆ లెక్కన వడ్డి నూటికి దాదాపు 25 అగును. ఎనిమిదవ తరగతి గణితము చాలును దీనిని పట్టుకొనుటకు; కాని ఆ ఇల్లాలికి ఎవరును చెప్పలేదు.

వాయిదా తప్పినచో తక్కిన సభ్యురాండ్రను ఆమె ఇంటి ముందు కూర్చుండబెట్టుట, నలుగురిలో దూషించుట మొదలయ్యెను. ఒకనాడు ధైర్యమునిచ్చిన ఇరుగుపొరుగే కావలివాండ్రయిరి. 2010లో ఈ అప్పుల బాధ తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరను వార్తలు రాష్ట్రమంతట కలవరము పుట్టించినవి. ఆ సంవత్సరము అక్టోబరు 15న ప్రభుత్వము అత్యవసర శాసనము చేసినది. మరుసటి సంవత్సరము అది చట్టమైనది. అప్పులిచ్చు సంస్థలు జిల్లాలో నమోదు కావలెను. వారపు వాయిదాలకు బదులు నెల వాయిదాలు. ఇంటికి రాక, పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగస్థలముననే వసూలు చేయవలెను. అసలును మించిన వడ్డి పుచ్చుకొనరాదు. ఫలితముగా వసూళ్ళు దాదాపు ఆగిపోయినవి, కొత్త అప్పులును ఆగిపోయినవి. బాధపడినవారికి ఊరట కలిగినమాట నిజమే. అప్పు సక్రమముగా వాడుకొనుచుండినవారు మరల పాత షావుకారు గుమ్మమెక్కినమాటయు నిజమే.

పిమ్మట రిజర్వుబ్యాంకు నియమించిన మాలేగాం సంఘము 2011లో నివేదిక నిచ్చెను. ఇట్టి సంస్థలకు ప్రత్యేక నిబంధనలేర్పడినవి. బజారులలో అమ్ముకొనువారికొరకు 2020లో కేంద్రప్రభుత్వము స్వనిధి పథకమున 10,000 రూపాయల హామీలేని అప్పు ఆరంభించెను. సకాలమున తీర్చినవారికి వడ్డిలో నూటికి 7 తిరిగి వచ్చును, రెండవమారు మరింత దొరకును. 2025లో ఆ మొదటి మొత్తమును 15,000కు పెంచిరి. 2022లో రిజర్వుబ్యాంకు మరియొక నియమము చేసినది. సంవత్సరాదాయము 3 లక్షలకు మించని కుటుంబమునకు హామీలేని చిన్న అప్పు ఇచ్చునపుడు, ఆ కుటుంబపు అప్పుల వాయిదాలన్నియు కలిపి నెల ఆదాయములో సగము మించరాదు. నెలకు 12,000 రూపాయలు సంపాదించు ఇంట 6,000కు మించి వాయిదాలుండరాదన్నమాట. దానిని తెలిసికొనుటకు సంస్థలవారు అప్పుల పట్టికలు చూతురు. బ్యాంకు అప్పు ఆ పట్టికలలో కనబడును. దినవడ్డి వ్యాపారి ఇచ్చిన అప్పు ఏ పట్టికలోను కనబడదు. అది సంఘములో చాపపై ఎదుట కూర్చున్న పొరుగింటి ఆమెకు మాత్రమే తెలియును. అతడు ఎవరి వాకిటికి ఎన్నిమారులు వచ్చెనో ఆమె చూచుచునే యున్నది.